మూడో బేస్ దగ్గర నేనిచ్చిన అవుట్

అక్కకు,

మెదక్ నుంచి నీ తమ్ముడు గంగాధర్ దండం పెట్టి రాస్తున్నది. నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, బావ, మమత బాగున్నారని అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప తెలిసే దారి లేదు. పన్నెండు రోజులుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తకపోతే కోపం ఉందని తెలుస్తుంది కానీ, నీ మోకాలి నొప్పి తగ్గిందో లేదో తెలియదు. అందుకే కాగితం తీసుకున్నాను. ఫోనైతే కట్ చేస్తావు. ఉత్తరమైతే చదవకపోయినా అల్మారా మీద పడి ఉంటుంది, కోపం తగ్గిన రోజు చదువుతావు.

ఆఖరుసారి నువ్వన్నది నాకు గుర్తుంది. "మేనమామవయ్యి పిల్లను బురదల పడగొట్టినవ్. ఇంక నాకు తమ్ముడు లేడనుకుంట" అన్నావు. ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఈ ఉత్తరం ఆ జవాబే. కానీ ముందు ఇక్కడి సంగతులు కొన్ని రాస్తాను. నేరుగా అక్కడికి పోవడం నాకు చేతకావడం లేదు.

ముసురు నిన్నటితో పోయింది. రోడ్ల మీద మళ్ళీ వడ్లు ఆరబోశారు. బండ్లు సగం రోడ్డులోనే పోతున్నాయి. బడిలో పని ఎప్పటిలాగే ఉంది. పొద్దున ఆరింటికి గ్రౌండ్, తర్వాత పిల్లల ప్రార్థన, డ్రిల్లు, ఆ తర్వాత ఏ సారు రాకపోతే ఆ క్లాసు నాది. పీఈటీ అంటే ఖాళీ మనిషని అందరి నమ్మకం. అన్నం నేనే వండుకుంటున్నాను. రొట్టెలు మాత్రం ఇంటి ఓనర్ యూసుఫ్ చాచా వాళ్ళింటి నుంచి వస్తాయి. చాచాకు బస్తాలు, టార్పాలిన్లు కుట్టే మిషన్ ఉంది. కింద ఆయన కుడుతుంటే పైన నా గది నేల అదురుతుంది. ఆ చప్పుడు లేని రోజు నాకు తోచదు. తిండికి లోటేమీ లేదు, నువ్వు దాని గురించి దిగులు పెట్టుకోకు.

మొన్న ఆదివారం పనేమీ లేకుండానే రామాయంపేట పోయి వచ్చాను. హైవే మీద నిర్మల్ బస్సులు ఆగుతాయి. ఒక కండక్టర్ "నిర్మల్, నిర్మల్, జల్ది ఎక్కుండ్రి" అని మనవైపు యాసలో అరిచాడు. ఎక్కితే చీకటి పడేలోపు మీ ఖానాపూర్‌లో దిగేవాడిని. ఒక చాయ్ తాగాను, ఇంకో చాయ్ తాగాను, మెదక్ బస్సెక్కి వచ్చేశాను. ఏ ముఖం పెట్టుకుని నీ గడపలో నిలబడాలో తెలియలేదు.

ఇక్కడికి వచ్చి ఐదేళ్ళయింది. మొదట్లో నెలకోసారి వచ్చేవాడిని, తర్వాత పండుగలకు. ఈ రెండేళ్ళు అసలు రాలేదు. క్యాంపులు, పోటీలు, పరీక్షల డ్యూటీలు అని నీకు చెప్పిన కారణాలన్నీ నిజమే. కానీ అన్నీ కలిపినా రెండేళ్ళకు చాలవు. దూరం ఒకసారి అలవాటైతే రావడానికి సిగ్గేస్తుంది, అక్కా. అంతకంటే వేరే ఏమీ లేదు. అమ్మా నాన్నా పోయాక నాకు ఇల్లంటే నీ ఇల్లే. అది నీకు తెలుసు, నేనే ఎప్పుడూ నోటితో అనలేదు.

ఆడపిల్లల బేస్‌బాల్ రాష్ట్ర పోటీలు మా గ్రౌండ్‌లో పెడుతున్నారని తెలిసినప్పుడు నేను మొదట చూసింది మన జిల్లా జట్టు కాగితం. అందులో మమత పేరు ఉంది. నీ వాకిట్లో గుడ్డ బంతి విసిరితే రెండు కళ్ళూ మూసుకుని పట్టిన పిల్ల. నువ్వు ఫోన్‌లో "నీ కోడలు వస్తున్నది, మంచిగ చూసుకో" అన్నావు. వారం రోజులు అదే మాట నెమరేసుకుంటూ గ్రౌండ్ తయారు చేశాను.

బేస్ అంటే పరుగెత్తే పిల్ల చేరి నిలబడాల్సిన మెత్త. దాని మీద కాలు ఉన్నంతసేపు ఆమెను ఎవరూ అవుట్ చేయలేరు. తెప్పించిన మెత్తల్లో ఒకటి తక్కువ వచ్చింది. చాచా గోనెబట్టతో ఒకటి కుట్టాడు, రైస్‌మిల్లు నుంచి ఊక తెచ్చి నేను నింపాను. నాలుగు మూలలా పట్టీలు పెట్టి ఇనుప మేకులతో నేలకు కొట్టాను. అది మూడో బేస్ దగ్గర పెట్టాము. ఎండకైతే అది కదిలేది కాదు.

పోటీలు మొదలయ్యే రోజే వాన పట్టుకుంది. చర్చి వైపు నుంచి మబ్బు లేచి రెండు రోజులు విడవలేదు. గ్రౌండ్ మీద కప్పడానికి టార్పాలిన్లు అడుగుదామని నేను, ఇంకో సారు వడ్లు కొనే సెంటర్‌కు పోయాము. అక్కడ రైతులు తలమీద బస్తాలు కప్పుకుని కుప్పల చుట్టూ కాలువ తీస్తున్నారు. ఒక ముసలాయన మమ్మల్ని కిందా మీదా చూసి, "ఏం సారూ, మా వడ్లు మొలకలొస్తుంటే మీ ఆటకు కప్పాల్నా? ఆట మొలకలొస్తదా ఏంది?" అన్నాడు. పక్కన ఉన్నవాళ్ళు ఆ వానలోనూ నవ్వారు. మేము ఊక బస్తాలు తెచ్చి బురద మీద చల్లాము. మూడు రోజుల ఆట రెండు రోజుల్లో ముగించాలని పెద్దవాళ్ళు నిర్ణయించారు.

సెమీఫైనల్ రోజు పొద్దున తుంపర ఉంది. పొరుగు జిల్లా నుంచి రావాల్సిన ఒక అంపైర్ వాగు పొంగి రాలేకపోయాడు. పెద్ద అంపైర్ నన్ను పిలిచి టోపీ ఇచ్చాడు. "గంగాధర్, మూడో బేస్ కాడ నువ్వు నిలవడు. నీ మనుషులు ఎవరన్న ఆడుతున్నరా?" అని అడిగాడు. ఆటకు ముందు ప్రతి అంపైర్‌నూ అట్లా అడగడం రివాజు. ఉన్నారంటే పక్కన కూర్చోబెడతారు.

"లేరు సార్" అన్నాను.

అక్కా, ఆ అబద్ధం ఎందుకు ఆడానో నీకు ఒక్కదానికే చెబుతున్నాను. పిల్లను గెలిపిద్దామని కాదు. ముందు రాత్రి వాళ్ళ జట్టు దిగిన చోటికి పోతే గేటు దగ్గరే ఆపారు, కలవనివ్వలేదు. అంపైర్‌గా నిలబడితే పిల్ల నాకు పది అడుగుల దూరంలో పరుగెత్తుతుంది. రెండేళ్ళలో ఎంత ఎదిగిందో చూడవచ్చు. అంతే నా ఆలోచన. ఉన్నారని చెబితే తాడు అవతల జనం వెనక నిలబడి చూడాలి.

నన్ను చూడగానే మమత కళ్ళు పెద్దవి చేసింది. నేను తల అడ్డంగా ఊపాను. అర్థం చేసుకుని నోరు మెదపలేదు. నడక అచ్చం నీదే, కుడి భుజం కొంచెం ముందుకు పెట్టి. నీకంటే పొడుగైంది.

ఆఖరి ఇన్నింగ్స్‌కు మనవాళ్ళు ఒక్క పరుగు వెనక ఉన్నారు. ఇద్దరు అవుటయ్యారు, ఇంకొకరు అవుటైతే ఆట అయిపోతుంది. మమత రెండో బేస్ మీద ఉంది. వాన పెద్దదైంది. మనవైపు పిల్ల బంతిని కొట్టగానే మమత మూడో బేస్ వైపు పరుగెత్తింది. బంతి కూడా అటే వచ్చింది. మమత బురదలో జారి కాలు చాపి బేస్‌ను అందుకుంది. బంతి ఇంకా గాలిలో ఉంది. అది నేను చూశాను. అప్పుడు నానిన ఆ గోనెసంచి మేకులతో సహా ఊడి మూరెడు దూరం జరిగింది. మమత కాలు నేల మీద మిగిలింది. అవతలి జట్టు పిల్ల బంతి పట్టుకుని ఆమె భుజానికి తాకించింది.

పరుగెత్తే మనిషి తగిలి బేస్ ఊడితే, ఆమె చేరినట్టే లెక్క. తర్వాత బంతి తాకించినా అవుట్ కాదు. ఈ నియమం నాకు తెలియక కాదు, నేనే పిల్లలకు నేర్పుతాను.

మమత బురదలో నుంచి తల ఎత్తింది. ఇంట్లో పిలిచినట్టే పిలిచింది. "మామా, అందుకున్న మామా."

బంతి పట్టిన పిల్ల గిర్రున తిరిగింది. "ఏయ్, గీ సారు దీని మామనంట!" అంది. అవతల బెంచీ మీద నుంచి ఎవరో, "మామనే అంపైరా? ఇగ మన పని అయిపోయినట్టే, సామాన్లు సదురుండ్రి" అన్నారు. అందరూ నా చేతి వైపు చూస్తున్నారు. పెద్ద అంపైర్ కూడా చూస్తున్నాడు. నేను పిడికిలి ఎత్తి అవుట్ ఇచ్చాను.

మన కోచ్ మేడం పరుగెత్తుకు వచ్చింది. "సారూ, వాన మీ కండ్లల్ల పడ్డదా? సంచి యాడ ఉన్నది, మేకు యాడ ఉన్నది, జర కిందికి చూడుండ్రి" అని అరిచింది. పెద్ద అంపైర్ నన్ను "పక్కానా?" అని అడిగాడు. "పక్కా" అన్నాను. ఆయన మేడంతో అన్న మాట ఇది: "సొంత మేనమామ అవుట్ అంటున్నడు. ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలమ్మా?" ఇంకేముంది, ఆమె పిల్లల దగ్గరికి వెనక్కి పోయింది.

తర్వాత జరిగింది నీకు ఎవరూ చెప్పి ఉండరు. అవతలి జట్టు వాళ్ళు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. "శభాష్ సార్, సొంత పిల్లని కూడ చూడలే" అన్నారు. అబద్ధం చెప్పినందుకు నన్ను తిట్టాల్సిన పెద్ద అంపైర్ కూడా ఆ మెప్పులో ఆ సంగతి వదిలేశాడు. అంతమంది ఒకేసారి నన్ను మెచ్చుకోవడం నా జీవితంలో అదే మొదలు. మమత మాత్రం మోకాళ్ళ బురద కూడా దులుపుకోకుండా బస్సెక్కింది.

ఆ సాయంత్రం ఊడిన సంచిని చాచాకు చూపించాను. పట్టీలు తెగలేదు, నేల మెత్తబడి మేకులు లేచాయి. జరిగింది చెప్పాను. అందరూ మెచ్చుకున్నారని కూడా చెప్పాను. ఆయన సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టర్ సాబ్, నేను కుట్టిన సంచి జరిగింది. పోరి జరగలే. మరి మీరు పోరికెందుకు సజా ఇచ్చిండ్రు?" అని అడిగాడు.

జనం నన్ను ఏమంటారోనన్న భయంతో ఇచ్చానని చెప్పాను.

"జనం పోయిండ్రు కదా" అన్నాడు. మిషన్ మీద గుడ్డ సర్దుకుని కుట్టుకోసాగాడు.

మన కోచ్ మేడంకు ఫోన్ చేస్తే మమత గ్రౌండ్‌కు రావడం మానేసిందని చెప్పింది. ఆ ఒక్క ఆటతో రాష్ట్ర జట్టు జాబితాలో పేరు కూడా రాలేదంది. అప్పుడు కూర్చుని కాగితం రాశాను. ఆడుతున్న పిల్ల నా మేనకోడలని దాచాను, బేస్ ఊడకముందే ఆమె చేరింది, నేనిచ్చిన అవుట్ తప్పు, నియమం తెలిసే ఇచ్చాను. నాలుగు వాక్యాలే. సంతకం చేసి, పోటీలు పెట్టిన సంఘం సెక్రటరీ సారుకు నా చేతితోనే ఇచ్చాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "గిప్పుడు రిజల్ట్ మారది. అది నీకు ఎర్కే" అన్నాడు. ఎరుకేనన్నాను. "నీకు ఇంక అంపైరింగ్ ఉండది." సరేనన్నాను. కాగితం మడిచి సొరుగులో పెట్టి, "పిల్ల ఆట నేను కూడ చూసిన. వచ్చే నెల మొదటి శని, ఆదివారాలు గిక్కడనే ట్రయల్స్ ఉన్నయ్. పిలుస్త. కని ఒక షరతు. ఆ రెండు రోజులు నువ్వు ఊర్లనే ఉండొద్దు. మామ పైరవీ చేసిండని ఒక్కడన్నా పిల్ల పేరు కరాబ్ అయితది" అన్నాడు. దానికీ సరేనన్నాను.

కాబట్టి అక్కా, నన్ను క్షమించమని అడగడానికి కాదు ఈ ఉత్తరం. పిల్లను పంపమని అడగడానికి. ట్రయల్స్ పిలుపు కాగితం కోచ్ మేడంకు వస్తుంది. నేను చేసిన తప్పు మమతది కాదని నువ్వే నచ్చజెప్పు, నా మాట వినదు. బావను తోడు పంపు. రామాయంపేటలో బస్సు మారాలి, అక్కడికి చాచా ఎదురొస్తానన్నాడు. హోటల్లో దిగొద్దు, నా గదిలోనే ఉండమను. చాచీ వండి పెడుతుంది, మమత రాత్రి ఆమె దగ్గర కింది ఇంట్లో పడుకున్నా సరే. వీలైతే బావతో కొంచెం ఎల్లిపాయ కారం పంపు. కోపంగా ఉంటే పంపకు.

నేను ఆ రెండు రోజులు టేక్మాల్‌లో ఉంటాను. మా బడి అటెండర్ వాళ్ళ ఇంట్లో వడ్లు ఎత్తే పని ఉంది. మమత, బావ వెళ్ళిపోయిన తర్వాతే వస్తాను. మమత ఈ ఊరికి వస్తుంది, నేను చూడను.

బావకు, ఎదురింటి పెద్దవ్వకు, అడిగిన వాళ్ళందరికీ నా దండాలు చెప్పు. మోకాలికి నూనె రాయడం మానకు. చలి మొదలైంది. పెద్దదానివి, తిట్టినా నీ దీవెన నాకు ఉంటుందని తెలుసు.

గది ఊడ్చి, ఉతికిన దుప్పట్లు పరిచి పోతాను. నా క్రికెట్ బ్యాట్లు, పాత బూట్లు అన్నీ అక్కడే ఉంటాయి, ఏది కావాలంటే అది వాడుకోమను. వెళ్ళేటప్పుడు తాళం చాచాకు ఇచ్చి పొమ్మను. మంచం, దుప్పట్లు, తిన్న పళ్ళెం ఏవీ సర్దొద్దని మమతకు గట్టిగా చెప్పు. ఎట్లా ఉన్నవి అట్లాగే వదిలి పొమ్మను, నేనొచ్చి చూసుకుంటాను.

నీ తమ్ముడు,
గంగాధర్