రాయి మీద నా పేరు

అమ్మీ సుజాతా,

"మా నాయనకు చదువు రాదు, అందుకే పిల్లోళ్లకు చదువు నేర్పే ఈ పనిలోకి వచ్చినా" అని నంద్యాల సభలో మైకు పట్టుకోని చెప్పినావు. ఎనిమిదేండ్లయినా అది నాకు మండుతానే ఉంది. ఆళ్లగడ్డలో నలభై ఏండ్లు రాతి మీద అక్షరాలు చెక్కినోణ్ణి. ఎవరో సుద్దతో రాసిస్తే దాని మీదనే చెక్కినా, నిజమే. అది నలుగురిలో చెప్పాల్నా?

పెద్ద కంపెనీలో దుడ్ల వ్యవహారమంతా చూసే ఆఫీసరువి. సెలవు దొరికితే పల్లె పిల్లోళ్లకు చదవడం నేర్పే సంస్థ కోసం తిరుగుతాంటే, నీకేం పిచ్చి అని తిట్టినా. నువ్వు కన్ను మూసినాక ఆ పిల్లోళ్ల పక్కన కూర్చోని నేనూ నేర్చుకున్నా. ఈ ఉత్తరం నా చేత్తోనే రాస్తాండా. "తాతా, నీ అక్షరాలు ఉలితో కొట్టినట్టుండాయి" అని ఒక పాప నవ్వింది.

ఇప్పుడు నంద్యాలలో సంస్థోళ్లు కట్టిన పుస్తకాల గదికి నీ పేరు పెడతాండారు. రాయి నాకే ఇచ్చినారు. నీ పేరు చెక్కడం అయిపోయింది. కింద జానెడు చోటుంది. మా పనోళ్లం రాతి మీద సొంత పేరు చెక్కుకోము, నీకు తెల్సు. ఈసారి చెక్కాలని ఉంది. మూడు దినాల నుంచి ఉలి ఎత్తుతాండా, దించుతాండా.

నీ పేరు కింద నాయన పేరుంటే నీకు నామోషీనా? శనివారం రాయి బండెక్కుతాది. శుక్రవారం పొద్దు గుంకేలోగా చెప్పు.