కొట్టేసిన మైనస్ ఎనిమిది

చెల్లె లావణ్యకు,

మస్కట్ నుంచి అన్న రాజు ప్రేమతో రాస్తున్నాను. నేను బాగున్నాను. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? సుల్తానాబాద్‌లో యాసంగి నాట్లు అయ్యాయా? నా గురించి ఫికర్ పెట్టుకోవద్దని బాపుకు చెప్పు. టైల్స్ పని బాగానే సాగుతోంది. వంట నేనే చేసుకుంటున్నాను, పప్పు మాత్రం అవ్వ చేసినట్టు రావడం లేదు.

ఫోన్‌లో చెప్పలేక ఈ కాగితం పట్టుకున్నాను. మన ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది, బాపు వింటాడు. సెలవు మీద వస్తున్న ఇచ్చోడ నర్సన్న దీన్ని అక్కడ పోస్టు చేస్తాడు.

ఆ శుక్రవారం నువ్వు ఫోన్‌లో ఫోటో తీసి పంపిన లెక్క గుర్తుందా? గది పొడవు వెడల్పు కంటే మూడు మీటర్లు ఎక్కువ, వైశాల్యం నలభై, వెడల్పెంత అని. నీకు ఐదు, మైనస్ ఎనిమిది వచ్చాయి. మైనస్ ఎనిమిదిని కొట్టేసి ఐదు ఉంచావు. వర్గ సమీకరణానికి రెండు జవాబులుంటాయన్న ఒక్క ముక్కే నాకు గుర్తు. అది పట్టుకుని నీమీద ఎగిరాను.

"సగం లెక్క జేసి పంపుతవా? నీకు లెక్కలు రావు. కొట్టేసింది మళ్ల రాయ్" అన్నాను.

నువ్వేదో చెప్పబోయావు. బాపు అడ్డం వచ్చి, "అన్న అంత దూరంకెళ్లి చెప్తుండు, జర ఇనరాదు బిడ్డా" అన్నాడు. ఇక్కడ నా రూమ్‌లో వాళ్లు వింటున్నారని నేను ఇంకాస్త గొంతు పెంచాను. తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

తర్వాత పనిలో ఓ గది వెడల్పు కొలుస్తున్నాను. టేపు మొదలయ్యేదే సున్నా దగ్గర. మైనస్ ఎనిమిది మీటర్ల గది ఎక్కడుంటుంది? అక్కడే కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకుని మేస్త్రీ నీళ్లు తెచ్చిచ్చాడు.

మిగతాది అవ్వ చెప్పింది. నా మాట విని నువ్వు బోర్డు మీద రెండు జవాబులూ రాశావట. క్లాసంతా నవ్విందట. నా పేరు ఎత్తకుండా "నేనే తప్పు రాసిన సార్" అన్నావట. ఇప్పుడు ఇంటర్‌లో లెక్కల గ్రూపే వద్దంటున్నావట. ఎందుకంటే, "నాకు లెక్కలు రావని అన్ననే చెప్పిండు" అన్నావట.

చెల్లె, నీ లెక్క సరైంది. రానిది నాకు. పదిలో లెక్కలు రెండోసారి రాస్తే గానీ గట్టెక్కలేదు. చెల్లె లెక్కలు దిద్దే అన్న అనిపించుకోవాలని నీ నోరు మూయించాను. నా మాట మీద ఆ గ్రూపు వదలకు.

అవ్వకు, బాపుకు నా దండాలు. వాళ్ల దీవెన ఉంటే చాలు. నర్సన్న తిరిగి వచ్చేటప్పుడు కొంచెం మామిడి తొక్కు పంపండి.

బాపుకు తెలియకూడదనే ఇది రాయడం మొదలుపెట్టాను. కానీ నిన్ను తిట్టింది అందరూ వింటుండగానే కదా. అందుకే దీన్ని పుస్తకంలో దాచిపెట్టకు. బాపు ముందు కూర్చుని గట్టిగా చదువు. నాకు లెక్కలు రావన్న చోట గొంతు తగ్గించకు.

మీ అన్న
రాజు