భర్త పేరు అడగని ఫారం

సరోజక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఆదోని మిల్లు ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. పనిలో చేరేవాళ్ల ఫారానికి నేనే మాక్రో అనే చిన్న ప్రోగ్రాం రాశాను. ‘పెళ్లయింది’ అని ఎంచుకుంటేనే అది భర్త పేరు అడుగుతుంది. ‘ఒంటరి’ అంటే ఆ గడి దాటేస్తుంది.

ఈరోజు ఎమ్మిగనూరు నుంచి ఒకామె వచ్చింది. “ఒక్కదాన్నే ఉండానప్పా” అంది. ఇంకేమీ అడగాల్సిన పని పడలేదు.

నువ్వు చేరిన రోజు, “వదిలేసి పోయినోని పేరు ఎందుకప్పా?” అన్నావు. “గడి ఖాళీగా ఉంటే తీసుకోరక్కా, రాయి” అన్నాను. రాశావు. ఆ తర్వాత పదేళ్లు రోజూ పొద్దున హాజరు పిలుస్తూ “మారెప్ప భార్య సరోజమ్మ” అని చదివింది నేనే. నేల చూస్తూ “ఉండాను” అనేదానివి.

ఆ పేరు కొట్టేయడానికి కంప్యూటర్ అక్కర్లేదక్కా. నా చేతిలో పెన్ను ఉండింది.

నీ తమ్ముడిలాంటి గుమాస్తా