ఆగకుండా మోగిన ఫోన్

కమఠాణ,
14-8-2006.

శ్రీవారికి సంగమ్మ నమస్కరించి రాస్తున్నది.

ముందుగా నా వంకర రాతను, తప్పులను మన్నించండి. ఐదో తరగతి తర్వాత పెన్ను పట్టింది లేదు. ఇక్కడ అందరం బాగున్నాం. పెసర కోత మొదలైంది. మీరు పట్నంలో ఆ రూములో వేళకు తింటున్నారా?

ఆ కార్ల కంపెనీ ఇంటర్వ్యూలో ఏం చూస్తారో కనుక్కోమని చెప్పి పోయారు. అక్కడ పనిచేసే అంబాదాస్ అన్న ఎవరికీ నోరు విప్పడు, వాళ్లావిడను అడగమన్నారు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకెంత బిడియమో మీకు తెలుసు. అయినా వాళ్ల ఊరు బగ్దల్ పోయాను. ఏం పిల్లా, మొగని నౌకరీ కోసం నువ్వొచ్చినవా, నోట్లకెల్లి మాటే వస్తలేదు గదా అని అంబాదాస్ అన్న భార్య దయమ్మక్క నవ్వింది. తెల్ల చొక్కా వేసుకోవాలని, బండి ఎక్కగానే అద్దం సరిచేసుకోవాలని చెప్పింది. అవి మీకు చెప్పాను.

ఒకటి మాత్రం మరిచిపోయాను. బండి నడిపించి చూసేటప్పుడు ఫోన్ మోగితే ఎత్తకూడదట. ఎత్తినోడు ఎంత మంచిగ నడిపినా ఇంటికి పోవుడే అన్నది.

భీమప్ప దుకాణం నుంచి నేను చేసినప్పుడు ఒక్కసారి మోగి ఆగితే క్షేమమని, ఆగకుండా మోగితే ఆపదని, ఏ పనిలో ఉన్నా మీరు ఎత్తాలని మనం అనుకున్నాం కదా. మీ ఇంటర్వ్యూ రోజు అత్తమ్మ కళ్లు తిరిగి పడిపోతే కంగారులో ఆగకుండా మోగించాను. మీరు ఎత్తారు. ఉద్యోగం పోయింది. సాయంత్రం మీరే ఫోన్ చేసి, అమ్మ మంచిగున్నదా, నువ్వు భయపడకు సంగీ, నౌకరీ ఇంకోటి దొరుకుతది తీయ్ అన్నారు. అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

డ్రైవర్లు చాలక, 25వ తేదీ శుక్రవారం ఆ కంపెనీవాళ్లు మళ్లీ రమ్మన్నారని మొన్న మీరు చెప్పారు. అందుకే ఈ ఉత్తరం.

ఇట్లు,
మీ సంగమ్మ.

తా.క.: ఫోన్ ఎత్తకూడదన్న మాట నేను మరిచిపోలేదు. అత్తమ్మ పడిపోనూ లేదు. ఆ పొద్దున వాకిట్లో పెసలు చెరుగుతోంది. ఆ కంపెనీలో చేరినవాళ్లు ఒక్క గదిలో ఏడుగురు ఉంటారని, అంబాదాస్ అన్న మూడేళ్లలో నాలుగుసార్లే ఇంటికి వచ్చాడని దయమ్మక్క చెప్పింది. నా మొగడు ఇప్పుడు చుట్టపోడే పిల్లా, వస్తే కొత్త చాప ఏస్త అని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకు భయమేసింది. ఆ నౌకరీ వద్దు, ఇంటి దగ్గరే ఉండండి అని మీతో చెప్పడానికి నోరు రాలేదు. వేలు మాత్రం నంబరు నొక్కింది.

చదివాక దీన్ని కాల్చేయండి, మీ రూములోవాళ్ల కంట పడనీయకండి. ఒక్కటి గుర్తుంచుకోండి. శుక్రవారం బండిలో ఉండగా ఫోన్ మోగితే ఎత్తకండి. ఆగకుండా మోగినా, నేనే చేసినా ఎత్తకండి.