అమ్మ పనికి రెండో బహుమతి

అమ్మా,

ఇవాళ మా కాలేజీలో బిజినెస్ ఐడియాల పోటీ జరిగింది. నేను నీ పనే చెప్పాను. రాయ్‌పూర్ ఆసుపత్రుల నుంచి హిందీ రాని మనవాళ్ళెవరు ఫోన్ చేసినా, "ఏ వార్డు?" అంటూనే చెప్పులేసుకునేదానివి కదా. వాళ్ళ పక్కన నిలబడి డాక్టరు మాట తెలుగులో చెప్పేదానివి. దాన్నే ఫీజు తీసుకునే కంపెనీగా చేసి స్లైడ్లు చూపించాను.

"ఇప్పుడీ పని ఎవరు చేస్తున్నారు?" అని జడ్జి హిందీలో అడిగారు.

"మా అమ్మ చేసేది. నర్సు."

"ఎంత తీసుకునేవారు?"

"ఏమీ తీసుకునేది కాదు."

హాల్లో అందరూ నవ్వారు. అయినా రెండో బహుమతి ఇచ్చారు. మెచ్చి ఇచ్చారో జాలిపడి ఇచ్చారో అర్థం కాలేదు. నిన్ను అమ్మకానికి పెట్టానేమోనని దారంతా అనిపించింది.

ఇంటికొచ్చేసరికి నీ ఫోన్ మోగుతోంది. నాన్న ఇంకా దానికి ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాడు. ఎత్తాను. ఈ ఊళ్ళోనే భన్‌పురిలో లారీ తోలే అతనట.

"సిస్టరమ్మా, మా అమ్మని ఆస్పత్రిలో జాయిన్ సేసినాను. డాక్టరు ఏటి సెప్తన్నాడో తెలీట్లేదు. ఎంతైనా ఇస్తాను, ఓపాలి రాగలరా?"

నువ్విక లేవని చెప్పాలో, ఫీజెంతో చెప్పాలో తేల్చుకోలేకపోయాను.

"ఏ వార్డు?" అని అడిగాను.