నిన్న ఏం తిన్నారు?

శృంగవరపుకోట,
డిసెంబరు 4, 2017

మా బంగారు అమ్మకు,

ఫోనులో నీ గొంతు వింటే చెప్పలేను, అందుకే రాస్తున్నాను. పల్లెల్లో ఎవరు ఏం పండిస్తున్నారో, ఏం తింటున్నారో ఇల్లిల్లూ అడిగి ట్యాబులో ఎక్కించడమే మా పరిశోధన. దాన్ని చూసే ఇక్కడి అంగన్‌వాడీ పిల్లలకు ఏం పెట్టాలో తేలుస్తారట.

ఇక్కడ పొద్దున్నే కొండలు కనబడవు, అంతా మంచే. ఆ మంచులో నడుస్తుంటే ఊరంతా చోడంబలి వాసన. మన చోడినే మా ట్యాబులో రాగి అంటారు. నేనింకా నిద్రలోనే ఉన్నానేమో, నువ్వు పొయ్యి దగ్గర తెడ్డు తిప్పుతున్నావేమో అనిపిస్తుంది. మొన్న దాలమ్మ అనే ఆవిడ నన్ను చూడగానే అంబలి గిన్నె తలుపు చాటున పెట్టేసింది. "నిన్న ఏం తిన్నారు?" అంటే, "ఏటి తింతాం తల్లీ, వరన్నం, పప్పు" అంది. మూతికి అంబలి అంటుకునే ఉంది. అయినా వరన్నం అనే నొక్కాను. నలభై ఇళ్లలో అలాగే నొక్కానమ్మా! ఇప్పుడు చోడి ఎవరూ తినడం లేదని తేలింది. పిల్లలకు పెట్టే చోడి జావ ఆపేస్తారట. నెలాఖరున సమావేశం.

శ్రీకాకుళం హాస్టల్లో నువ్వు బస్సెక్కి తెచ్చిచ్చిన అంబలి సీసా చూసి అందరూ నవ్వారు. అప్పట్నుంచీ తెచ్చిందంతా మొక్కలకు పోసేశాను. ఈ పనిలో చేరినప్పుడు, మీ ఇంట్లో ఏం తింటారని పరిశోధన నడిపే మా మేడమ్ అడిగితే వరన్నమే అన్నాను. దాలమ్మ సిగ్గు నాకు తెలుసు, అందుకే గట్టిగా అడగలేకపోయాను. సమావేశంలో లేచి, నేను ఎక్కించిందంతా తప్పని చెప్పేస్తాను. ఉద్యోగం పోతుందేమో. అంతకంటే నీ మొహం ఎలా చూడాలో తెలియడం లేదు.

నీ పాపిష్టి కూతురు,
భరణి


ఆమదాలవలస,
డిసెంబరు 11

ఒసే భరణీ,

నీ ఉత్తరం మూడుసార్లు సదివాను. మొక్కలకి పోసినావంటే కడుపు రగిలిపోయింది. సీకటితో లేసి కాసినాను గదే!

కానీ నిన్ను తిట్టడానికి నాకు నోరేది? రెండేళ్ల కింద మన ఈదికీ ఇలాటోలే వచ్చినారు. పొయ్యి మీద అంబలి ఉడుకుతుంటే మూతెట్టేసి, "మా పిల్ల పెద్ద సదువు సదువుతున్నాది, మేం వరన్నమే తింతాం" అని సెప్పినాను. నీ పరువు పోతాదని. ఆ సిగ్గు నీకు హాస్టల్లో కాదు, నా కాడే అంటుకున్నాది.

సమావేశానికి ఉత్త సేతుల్తో ఎల్లకు. ముందు దాలమ్మింటికి ఎల్లు. గిన్నెడు అంబలి అడిగి తాగు, ఆ తరవాత అడుగు, ఎందుకు సెప్పదో సూద్దాం. నలభై ఇళ్లూ మళ్లీ తిరుగు. పసిపిల్లల నోటికాడ జావ మనమే తీసేస్తామేటి? ఉద్యోగం పోతే పోనీ, ఇంటికొచ్చీ.

మీ మేడమ్‌కి ముందు నా పేరే సెప్పు. అప్పలనరసమ్మ, భరణి తల్లి. నిన్న పొద్దున చోడంబలి, ఉల్లిపాయ. ఇయ్యాలా అదే.

అమ్మ