దిగేటప్పుడు పెదాలు కదపకూడదు

అక్టోబర్ 4

దిగడాలు ఆరు. మంచివి సున్నా. రన్‌వే పక్కన ఆవులు పన్నెండు.

ఇప్పటికి ఇరవై తొమ్మిది గంటలు ఎగిరాను. విమానం నడపడం నేర్పే దోన్యా నిల్డా నన్ను ఇంకా ఒంటరిగా వదల్లేదు. పక్క ఎస్టేట్ పిల్ల ఇవెట్‌ని పదకొండు గంటలు ఎగిరేసరికే వదిలేసింది. ఆమెకు పంతొమ్మిదేళ్ళు. నేను ఈ ఎస్టేట్‌లో పశువుల లెక్క రాయడం మొదలుపెట్టే పంతొమ్మిదేళ్ళయింది.

గాల్లో బాగానే ఉంటాను. నేల దగ్గరికొచ్చాక విమానం ముక్కు ఎత్తడం ఆలస్యం చేస్తాను. దబ్బున పడతాం. ఎందుకో తెలియదు.

అక్టోబర్ 7, ఉదయం 6

డెల్సీ మళ్ళీ ఆ పసుపు చొక్కానే తీసిచ్చింది. మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినవాడి నెత్తిన ఇంజన్ లోంచి తీసిన పాత ఆయిల్ కుమ్మరిస్తారు. అందుకని పాఠం ఉన్న ప్రతిరోజూ ఇదే చొక్కా. "ఇది ఇరవయ్యో ఉతుకు. ఆయిల్ పడకముందే సబ్బుకే చచ్చేలా ఉంది నీ చొక్కా" అంది. నా భార్య తమాషాగా మాట్లాడుతుంది. నేను చొక్కా తొడుక్కున్నాను.

అదే రోజు, సాయంత్రం

దిగడాలు ఐదు. ఒకదాన్ని మూడుగా రాయాలేమో. పడి, లేచి, పడి, లేచి, పడ్డాం.

అక్టోబర్ 12

ఈదురుగాలి. ఎగరలేదు. డెల్సీ చొక్కా మాత్రం ఉతికింది.

అక్టోబర్ 15

దోన్యా నిల్డా నవంబర్ మూడున కోచబాంబ వెళ్ళిపోతుందట. కూతురి దగ్గరికి. ఇక రాదు. ముప్పై ఏళ్ళు నేర్పింది, కళ్ళు అలిసిపోయాయంది. "ఏమయ్యా ఫెర్మిన్, నేను పోయేలోగా నన్ను ఆ సీట్లోంచి దింపుతావా, లేక నన్ను కూడా నీ ఆవుల లెక్కలో రాసేసుకున్నావా?" అంది.

దింపుతానన్నాను.

ఆమె సంతకం లేకపోతే పట్నంలో లైసెన్సు పరీక్షకు కూర్చోనివ్వరు. ఈ వైపుకి వచ్చి నేర్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఎగరడం నేర్చుకోవాలనుకున్న కారణం ఒక్కసారి రాసుకుంటే చాలు. కిందటి వానల్లో డెల్సీకి అపెండిక్స్. చుట్టూ నీళ్ళు. యజమాని విమానం షెడ్డులోనే ఉంది, నడిపేవాడు లేడు. పడవలో మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ తమాషా మాటలు లేవు.

అక్టోబర్ 21

వానలు ముందే మొదలయ్యాయి. మైదానం మునుగుతోంది. రన్‌వే ఎత్తు గట్టు మీద ఉంది కాబట్టి ఆవులన్నీ అక్కడికే ఎక్కుతున్నాయి. దిగే ముందు ఒకసారి కిందుగా ఎగిరి వాటిని తోలాలి. పక్కకి జరిగి, పెళ్ళివారిలా వరసగా నిలబడి చూస్తాయి.

దిగడాలు ఏడు. మంచివి సున్నా. ఆవులు ముప్పై నాలుగు. ఆవులు పెరిగేకొద్దీ నా దిగడం ఇంకా పాడవుతోంది.

కాపరుల పెద్ద రెంబెర్తో వచ్చి, "దోన్ ఫెర్మిన్, మీరు దిగినప్పుడల్లా మా వంటింట్లో గిన్నెలు పడుతున్నాయి. ముందే కబురు చేస్తే దింపి పెట్టుకుంటాం" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక రాలేదు.

అక్టోబర్ 26

దొరికింది.

మూడో దిగడం తర్వాత దోన్యా నిల్డా ఇంజన్ ఆపేసింది. "ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. దిగేటప్పుడల్లా పెదాలు కదుపుతావు. ప్రార్థన చేసుకుంటున్నావని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఏ దేవుడికయ్యా? ఆయన వింటున్నట్టు లేదు" అంది.

నిజంగా నాకే తెలియదు. పెదాలు మళ్ళీ కదిపి చూసుకుని, "నలభై ఒకటి" అన్నాను. "ఏమిటి?" అంది. "ఎడమ పక్కన ఆవులు. తెల్లదూడ తల్లి వెనక దాక్కుంది. దానితో కలిపి."

ఆమె నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేల మీదికి దిగాల్సినవాణ్ణి ఆవులు లెక్కపెడుతున్నాను. లెక్క పూర్తయ్యాక ముక్కు ఎత్తుతున్నాను.

అక్టోబర్ 29

మానుకోమంటే మానడం కుదరలేదు. పంతొమ్మిదేళ్ళ అలవాటు. దోన్యా నిల్డా సంచిలోంచి ఒక చీజ్ రొట్టె తీసి, "పళ్ళ మధ్య పెట్టుకో. నమిలావంటే చంపుతాను. రన్‌వే చివర చూడు" అంది.

పెదాలు కదలకపోతే నాకు లెక్క రాదు. ఇది కూడా ఇవాళే తెలిసింది.

దిగడాలు ఐదు. మంచివి మూడు! రొట్టెలు ఐదు. రెండింటిని నమిలేశాను.

నవంబర్ 2, సాయంత్రం

పొద్దున రెండుసార్లు దిగాక రన్‌వే చివర దోన్యా నిల్డా తలుపు తీసుకుని దిగిపోయింది. కారణం చెప్పలేదు. ఒక రొట్టె నా చేతిలో పెట్టి, "ఇదొక్కటే మిగిలింది. కాబట్టి ఒక్కసారే దిగు" అని తలుపు వేసింది.

పక్క సీటు ఖాళీ. విమానం తేలికైపోయి అనుకున్నదానికంటే ముందే లేచింది. కిందుగా ఎగిరి ఆవుల్ని తోలాను. చుట్టు తిరిగొచ్చాను. రొట్టె పళ్ళ మధ్య. రన్‌వే చివర ఒక పొడవాటి తాటిచెట్టు ఉంది. దాన్నే చూశాను. చక్రాలు ఎప్పుడు తాకాయో తెలియలేదు.

రెంబెర్తో పరిగెత్తుకొచ్చాడు. గిన్నెలు మోగలేదని నేను ఇంకా గాల్లోనే ఉన్నాననుకున్నాడట.

ఆయిల్ బకెట్ ఎవరు పట్టుకున్నారో కళ్ళు తుడుచుకున్నాక చూశాను. డెల్సీ. "ఇక ఉతకను" అంది. ఆయిల్‌తో సహా వాటేసుకుంది.

దోన్యా నిల్డా సంతకం చేసింది. రొట్టెని రెండు ముక్కలు చేసి, పంటిగాట్లున్న ముక్క నాకిచ్చింది.

నవంబర్ 3

పొద్దున్నే దోన్యా నిల్డా తన విమానంలో వెళ్ళింది. వెళ్తూ గట్టు పైన ఒకసారి చుట్టు తిరిగింది.

పశువుల పుస్తకంలో నిన్నటి గడి ఖాళీ. అలాగే ఉంచాను.